కరెంటు కొద్దీ చల్లదనం

అనగనగా టెక్సాస్‌లో, డాలస్ పక్కన ఇర్వింగ్‌లో, ఒక బావ, ఒక బావమరిది ఉండేవాళ్ళు. ఇద్దరివీ ఎదురెదురు ఇళ్ళు. పిల్లలకి నాలుగు ఊళ్ళు చూపించాలని ఒకే ఏడాది చెరో సెకండ్‌హ్యాండ్ క్యాంపర్ ట్రైలర్ కొన్నారు. రెండూ ఒకే కంపెనీవి, రెండూ 25 అడుగులవే. రెండింటికీ పైకప్పు మీద ఒక్కటే ఏసీ, 30 ఆంపుల ప్లగ్గు. ఏసీలు రెండూ పాతబడ్డాయి. ఎండలు ముదిరేసరికి చప్పుడు మిగిలింది కానీ చల్లదనం పోయింది.

జులైలో గాల్వెస్టన్ సముద్రం దగ్గరికి వెళ్ళాలని అప్పటికే అనుకున్నారు. బెజవాడ నుంచి బావకి అత్తగారు, అంటే బావమరిదికి కన్నతల్లి, వచ్చి ఉన్నారు. ఆవిడకి బీపీ, ఎండ పడదు. "ఏసీ సరిగ్గా లేకుండా అమ్మని ఎక్కించేది లేదు" అని అక్క తేల్చి చెప్పేసింది.

బావ ఆ రాత్రే ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. పైకప్పు ఏసీలు ఎక్కువగా రెండే సైజుల్లో కనిపించాయి, 13,500 బీటీయూ, 15,000 బీటీయూ. గంటకి 12,000 బీటీయూ అంటే మనవాళ్ళు చెప్పుకునే ఒక టన్ను. ఆ లెక్కన మొదటిది టన్ను కంటే కాస్త ఎక్కువ, రెండోది టన్నుంపావు.

"ఒరేయ్, బెజవాడలో ఒక్క పడగ్గదికే టన్నున్నర పెట్టుకుంటాం. ఇక్కడ ఇల్లంతటికీ కలిపి టన్నుంపావు, అదే పెద్దదిట. ఇంకా ఆలోచించేదేముంది? పెద్దదే తెప్పిస్తున్నా" అన్నాడు.

"తెప్పించండి బావా. నేను ఒకసారి పైకెక్కి చూసి చెప్తాను" అన్నాడు బావమరిది.

బావ ఏసీ నాలుగు రోజుల్లో వచ్చింది. బిగించే కుర్రాళ్ళిద్దరు పాతది దింపి, అదే కంతలో కొత్తది కూర్చోబెట్టి, గంటలో వెళ్ళిపోయారు. స్విచ్ వేస్తే గాలి జివ్వున కొట్టింది. బావ తృప్తిగా ఇంట్లోకి వెళ్ళాడు.

బావమరిది ఇళ్ళకొచ్చి ట్రైలర్లు బాగుచేసే ఒక ముసలాయన్ని పిలిచాడు. ఆయన నిచ్చెనెక్కి ముందు పైకప్పు వంగిందో లేదో చూశాడు. ఏసీ బరువు వంద పౌన్ల దాకా ఉంటుంది. ఏళ్ళ తరబడి ఆ బరువు మోసిన కప్పు కుంగితే అక్కడ నీళ్ళు నిలుస్తాయి, కింద చెక్క నాని కుళ్ళుతుంది. కప్పు గట్టిగానే ఉంది. కంత కొలిస్తే 14 అంగుళాల చదరం. అమెరికాలో ఈ ఏసీలకి దాదాపు అన్నిచోట్లా అదే కొలత.

తర్వాత లోపలికి వచ్చి సీలింగుకున్న ప్లాస్టిక్ మూత విప్పాడు. పై మెషీన్ నుంచి చల్లగాలి దిగే దారి ఒకటి, గదిలోని గాలి తిరిగి పైకి పోయే దారి ఒకటి, రెంటికీ మధ్య సన్నటి రేకు అడ్డం. ఆ రేకు ఒక పక్కన లేచిపోయి, చెయ్యి దూరేంత సందు కనిపించింది. ముసలాయన ఒక టిష్యూ కాగితం చింపి ఆ సందు దగ్గర పెట్టి ఫ్యాన్ వేయమన్నాడు. కాగితం ఒక్క క్షణం రెపరెపలాడి, ఆయన వేళ్ళ మధ్యనుంచి జారి లోపలికి పోయింది. చల్లగాలి సగం మంచాల దాకా రాకుండానే, పుట్టిన చోట నుంచే వెనక్కి పోతోందన్నమాట. ఎన్నేళ్ళ నుంచో!

ఆ సందుని, డక్టు అతుకులని అల్యూమినియం ఫాయిల్ టేపుతో మూసేశాడు. స్నానాల గది పైనున్న ప్లాస్టిక్ స్కైలైట్ మీద చెయ్యి పెట్టి చూడమన్నాడు. కాలిపోతోంది. దానికీ, పడమటి వైపు కిటికీలకీ కొలిచి వెండిరంగు ఇన్సులేషన్ షీటు ముక్కలు కోయించాడు.

అప్పుడు ఒక కాగితం తీసుకుని లెక్క రాశాడు. ఏసీకి 13 ఆంపులు. మైక్రోవేవ్‌కి ఓ 12. నీళ్ళ హీటర్ కరెంటు మీద పెడితే ఇంకో 12. ఫ్రిజ్జు, బ్యాటరీ చార్జరు కొంత. పెట్టెలో ఉన్నది 30.

"ఇవన్నీ ఒకేసారి నడవవు. పెద్ద ఏసీ కొన్నా అంతే, చిన్నది కొన్నా అంతే. ఏది ఎప్పుడు ఆపాలో ఇంట్లో అందరికీ తెలియాలి" అన్నాడాయన.

బావమరిది నీళ్ళ హీటర్‌ని గ్యాస్ మీదకి మార్చాడు. 13,500 ఏసీ కొన్నాడు. మిగిలిన డబ్బుకి ఇంకొంత కలిపి ఏసీకి సాఫ్ట్ స్టార్టర్ పెట్టించాడు. మామూలుగా 13 ఆంపులతో నడిచే కంప్రెసర్ కూడా మొదలయ్యే ఆ లిప్తపాటులో 50, 60 ఆంపులు లాగుతుంది. ఆ దెబ్బని తగ్గించి మెల్లగా మొదలుపెట్టించే చిన్న పరికరమది.

గాల్వెస్టన్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. బయట 95 డిగ్రీల ఫారన్‌హీట్, దాని పైన సముద్రపు ఉక్కపోత. రెండు ట్రైలర్లూ పక్కపక్కనే నిలిపి ప్లగ్గులు పెట్టారు.

బావ ట్రైలర్లో ఏసీ కింద నిలబడితే వణుకు. అత్తగారు పడుకున్న వెనక గదిలో మాత్రం చెమట. మెషీన్ నాలుగు నిమిషాలు తిరగడం, ఆగడం, మళ్ళీ తిరగడం. ఆ పాత సందు అలాగే ఉంది కదా, చల్లగాలి తిన్నగా వెనక్కి వెళ్తుంటే థర్మోస్టాట్ ఇల్లంతా చల్లబడిందనుకుని ఆపేస్తోంది. ఏసీ గాలిలోని తేమని పిండాలంటే ఆగకుండా చాలాసేపు తిరగాలి. అలా తిరగకపోయేసరికి దుప్పట్లు చెమ్మగిల్లాయి.

"బాబూ, చల్లదనం ఉంది కానీ మంచం దాకా రావట్లేదు" అన్నారు అత్తగారు మెల్లగా.

అక్క పప్పు వేడిచేద్దామని మైక్రోవేవ్ నొక్కింది. పిల్లవాడు స్నానానికని హీటర్ వేసి ఉన్నాడు. టప్పున బ్రేకర్ పడిపోయింది. మళ్ళీ పైకెత్తారు, మళ్ళీ పడింది.

సాయంత్రం గాలివాన వచ్చి క్యాంప్‌గ్రౌండ్ మొత్తానికి కరెంటు పోయింది. వాన వెలిసింది, ఉక్క రెట్టింపైంది. ఇద్దరూ కలిసి కొన్న 2,200 వాట్ల జనరేటర్ బావ ముందు తన ట్రైలర్‌కి పెట్టాడు. ఏసీ ఒక్క మూలుగు మూలిగింది, జనరేటర్ మీద ఓవర్‌లోడ్ ఎర్రలైటు వెలిగింది, రెండూ ఆగిపోయాయి. ఇంకోసారి ప్రయత్నించినా అంతే.

"బావా, అమ్మనీ పిల్లల్నీ మా దాంట్లోకి తీసుకొచ్చేయండి" అన్నాడు బావమరిది. జనరేటర్‌ని అటు మారిస్తే చిన్న ఏసీ నెమ్మదిగా అందుకుని తిరిగింది. కరెంటు వచ్చేదాకా తొమ్మిది మంది ఆ ఒక్క ట్రైలర్లోనే కూర్చున్నారు. లోపల 78 డిగ్రీలు, అంతకంటే దిగలేదు. కానీ గాలి పొడిగా ఉంది, అత్తగారు కునుకు తీశారు.

పొద్దున్నే బావ స్క్రూడ్రైవర్ పట్టుకుని వచ్చాడు. "నా మెషీన్ పనికిరాదంటావా?" అన్నాడు.

"మీ మెషీన్ మంచిదే బావా. కింద ఆ మూత విప్పుదాం రండి" అన్నాడు బావమరిది.

అరచేతి వెడల్పు సందు అక్కడా ఉంది. అరగంటలో టేపు వేసేశారు. ఆ మధ్యాహ్నం వెనక గదిలో అత్తగారు దుప్పటి అడిగారు.

నీతి: పిండి కొద్దీ రొట్టె. పైకప్పు మీద ఎంత పెద్ద ఏసీ పెట్టాలని అడిగే ముందు, దానికి పెట్టగలిగిన కరెంటు ఎంత, అది ఇచ్చిన చల్లదనాన్ని మన ఇల్లు ఎంతసేపు నిలుపుకోగలదు అని అడగాలి.

ఈ కథలో పెద్ద ఏసీ తప్పు చెయ్యలేదు, ఆ మాట గట్టిగా చెప్పాలి. అరిజోనాలో జులై నెలలో ఆగేవాళ్ళకీ, 30 అడుగులకి దగ్గరగా ఉన్న బండికీ 15,000 తీసుకోవడమే మంచిది. రెండు సైజుల మధ్య నడిచేటప్పుడు తేడా ఒకటి రెండు ఆంపులే, 30 ఆంపుల ప్లగ్గు మీద పెద్దది కూడా హాయిగా నడుస్తుంది. బావ పొరపాటల్లా సైజు ఒక్కటే చూసి మిగతావి చూడకపోవడం. మన ఊళ్ళో సిమెంటు గోడలు, కాంక్రీటు శ్లాబు కింద వేసుకున్న టన్నున్నర లెక్క, రెండంగుళాల గోడల డబ్బాకి పనికిరాదు. మండుటెండలో ఈ గోడల్లోంచి వేడి వచ్చినంత వేగంగా తోడడం ఏ ఏసీకైనా కష్టమే. అందుకే నా మట్టుకు నేను మొదటి డాలరు ఫాయిల్ టేపుకీ, రెండోది కిటికీ షీట్లకీ, మూడోది మెషీన్‌కీ పెట్టమంటాను. చెట్టు నీడ దొరికితే అది ఊరికే వచ్చేది. పడమటి వైపు ఎండకి అడ్డంగా గుడ్డ పందిరి చాపినా మధ్యాహ్నం తేడా చేతికి తెలుస్తుంది.

కరెంటు దగ్గర చాలామంది బోల్తాపడతారు. 120 వోల్టుల మీద 30 ఆంపులంటే 3,600 వాట్లు. పక్కనే ఉండే 50 ఆంపుల ప్లగ్గు చూస్తే రెట్టింపు కూడా లేదనిపిస్తుంది. కానీ దాంట్లో 120 వోల్టుల లైన్లు రెండు, ఒక్కోటి 50 ఆంపులది. మొత్తం 12,000 వాట్లు, అంటే మూడింతలకి పైన. రెండు ఏసీలు పెట్టుకోవాలనుకునే పెద్ద మోటార్‌హోమ్ వాళ్ళు 50 ఆంపుల బండే చూసుకోవాలి. 30 ఆంపుల బండికి రెండో ఏసీ తగిలించాలనే ఆలోచన వస్తే, ముందు వైరింగ్ తెలిసిన మనిషిని పిలవండి.

ఇంకో సంగతి వోల్టేజి. పాత క్యాంప్‌గ్రౌండుల్లో మధ్యాహ్నం నాలుగింటికి అందరి ఏసీలూ ఒకేసారి తిరుగుతుంటే 120 రావాల్సింది 110కి, ఇంకా కిందికి జారుతుంది. తక్కువ వోల్టేజికి కంప్రెసర్ మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది, అలా కొన్నాళ్ళు నడిస్తే కాలిపోతుంది. గోడ సాకెట్‌లో పెట్టే చిన్న వోల్ట్‌మీటర్ ఒకటి కొనుక్కోండి. 105 కంటే దిగితే ఏసీ ఆపేయండి, ఎంత ఎండగా ఉన్నా సరే. జనరేటర్ మీద ఆధారపడేవాళ్ళు ఎత్తు కూడా లెక్కేసుకోవాలి. వెయ్యి అడుగులు ఎక్కిన కొద్దీ దాని శక్తి సుమారు మూడు నాలుగు శాతం తగ్గుతుంది. డాలస్‌లో ఏసీని లాగిన జనరేటర్ కొలరాడో కొండల్లో లాగలేకపోవచ్చు.

కొనేటప్పుడు పై భాగం, కింది భాగం వేరువేరుగా అమ్ముతారన్నది మరవద్దు. సీలింగులో డక్టులున్న బండికి ఒక రకం కింది పెట్టె, డక్టులు లేకుండా తిన్నగా గదిలోకి వదిలే బండికి ఇంకో రకం. ఒక కంపెనీ పై భాగానికి ఇంకో కంపెనీ థర్మోస్టాట్ చాలాసార్లు కలవదు. బిగించేటప్పుడు మధ్యలో వేసే గ్యాస్కెట్‌ని బోల్టులతో ఎంత నొక్కాలో మెషీన్‌తో వచ్చే పుస్తకంలో రాసి ఉంటుంది, మామూలుగా సగం మందానికి. వదులైతే నీళ్ళు దిగుతాయి, అతిగా బిగిస్తే గ్యాస్కెట్ నలిగి అప్పుడూ నీళ్ళే దిగుతాయి. కొత్త ఏసీ పాతదానికంటే ఎత్తుగా ఉంటే నేల నుంచి కొలిచి, ఆ కొలత డ్రైవర్ ముందు అంటించి పెట్టుకోవాలి. తక్కువ ఎత్తు వంతెనలు, పెట్రోలు బంకు కప్పులు ముందుగా చెప్పి రావు.

ఇంత చాదస్తంగా చెప్పడానికి కారణం ఆ వెనక గదిలో పడుకునే మనుషులు. ఎండలో మూసి ఉన్న ట్రైలర్లో ఏసీ ఆగితే లోపల వేడి నిమిషాల్లో ఎక్కుతుంది. పెద్దవాళ్ళు ఉక్కపోస్తోందని నోరు తెరిచి చెప్పరు, అల్లుడి ఇంట్లో అసలే చెప్పరు. చంటిపిల్లలకీ, కుక్కకీ చెప్పడం రాదు. కాబట్టి బ్రేకర్ పడిపోతే ఏం చెయ్యాలి, కరెంటు పోతే అందరూ ఎక్కడికి వెళ్ళాలి అన్నది ప్రయాణానికి ముందే అనుకోండి.

పాత ఏసీ పారేసే ముందు ఒక పరీక్ష ఉంది. దాన్ని ఇరవై నిమిషాలు తిరగనిచ్చి, గాలి లోపలికి పీల్చుకునే జాలీ దగ్గర ఒక థర్మామీటర్, దానికి దగ్గర్లో చల్లగాలి వచ్చే రంధ్రం దగ్గర ఇంకోటి పెట్టండి. రెంటికీ మధ్య 16 నుంచి 22 డిగ్రీల ఫారన్‌హీట్ తేడా ఉంటే మెషీన్ తన పని తాను చేస్తోందని అర్థం. తేడా అంతకంటే తక్కువైతే ఫిల్టర్ కడిగి, పైనున్న కాయిల్ దుమ్ము దులిపి, లోపలి సందులు మూసి మళ్ళీ కొలవండి. కంప్రెసర్ అసలు మొదలే కాకపోతే కెపాసిటర్ చూపించండి, అది తక్కువ ఖర్చుతో పోయే పని. అప్పటికీ అంకెలు కదలకపోతే నిచ్చెన వేసి కంత కొలుచుకుని, కొత్తదాని కోసం వెతకడం మొదలుపెట్టండి.