అగత్యము చేయించిన సంతకము

ఇష్టపడి ఒప్పుకొన్నవానికి అన్యాయము జరుగదని ఒక పాత న్యాయసూత్రము కలదు. అప్పుపత్రములకును, కూలి ఒడంబడికలకును నేటికిని బలమిచ్చునది ఈ సూత్రమే. అప్పు తీసికొన్నవాడు వడ్డీ ఎంతయో తెలిసియే వేలిముద్ర వేసెను. పనికి కుదిరినవాడు కూలి ఎంతయో వినియే పనిలోనికి దిగెను. ఇక ఫిర్యాదు ఎక్కడిది? ఈ ప్రశ్నకు కథోలిక ధర్మచింతన కొన్ని శతాబ్దములుగా ఒక సమాధానము చెప్పుచు వచ్చినది. ఆ సమాధానము ఒక్కొక్కప్పుడు తడబడినది. ఆచరణలో పెక్కుమారులు ఓడిపోయినది. ఐనను అది క్రైస్తవులు కానివారును ఆలోచింపదగినదని నా నమ్మకము.

వడ్డీని శంకించుట ఒక్క క్రైస్తవమతమునకే చెందిన విషయము కాదు. మోషే ధర్మశాస్త్రము సోదర యూదునివద్ద వడ్డీ తీసికొనరాదన్నది. ఖురాను వడ్డీని నిషేధించినది. కౌటిల్యుడు నూరు పణములకు నెలకు పణముంబావు ధర్మ్యమైన వడ్డీ యని నిర్ణయించి, సముద్రవర్తకులకు మాత్రము 20 పణముల వరకు ఒప్పెను. అపాయము పెరిగినకొలది వడ్డీయు పెరుగునని ఆయన గ్రహించెను. వడ్డీ అసలును మించరాదను దామ్‌దుపట్ నియమము మన ధర్మశాస్త్రములనుండి వచ్చినదే. మధ్యయుగపు క్రైస్తవసభ ఇంతకంటె కఠినముగా వ్యవహరించినది. 1179లో జరిగిన మూడవ లాటరన్ మహాసభ, బాహాటముగా వడ్డీ వ్యాపారము చేయువారికి దివ్యసత్ప్రసాదమును, క్రైస్తవ సమాధిని నిరాకరించినది.

పదమూడవ శతాబ్దమున తోమాస్ అక్వినాస్ ఈ నిషేధమునకు హేతువును వెదకెను. ఇంటిని అద్దెకిచ్చినను ఇల్లు నిలిచియే యుండును. కనుక ఇంటికొక వెల, నివాసమునకొక వెల ఉండవచ్చును. ద్రాక్షారసము అట్టిది కాదు. త్రాగుటయే దాని ఉపయోగము. రసమునకొక వెలయు, త్రాగుటకు మరియొక వెలయు అడుగువాడు ఒకే వస్తువును రెండుమారులు అమ్మినవాడగును. ధనమును అట్టిదే; వ్యయము చేయుటయే దాని ఉపయోగము. నేటి అర్థశాస్త్రజ్ఞులు ఈ తర్కమును ఒప్పరు. ధనము విత్తనమువలె ఫలించునని, కాలమునకును వెల కలదని వారందురు. ఆ ఆక్షేపణలో బలము కలదు.

కాని అక్వినాస్ వాదములో అంతకన్న లోతైన మాట మరియొకటి కలదు. అప్పు తీసికొనువాడు తన ఇష్టముతోనే వడ్డీ చెల్లించుచున్నాడు కదా అను ఆక్షేపణను ఆయనయే లేవనెత్తి, అది సంపూర్ణమైన ఇష్టము కాదనెను. ధనము లేక గడవదు. కలవాడు వడ్డీ లేక ఇయ్యడు. ఆ ఇరుకున పుట్టినదే ఆ అంగీకారము. లోకములోని బేరములన్నియు ఏదో యొక అగత్యమునుండియే పుట్టును గదా యని మనము అడుగవచ్చును. దీనికి సమాధానము ఆయన క్రయవిక్రయములను గూర్చి చెప్పిన మాటలలో దొరకును. వస్తువును విడుచుటచేత తనకు కలుగు నష్టమును అమ్మువాడు వెలలో చేర్చుకొనవచ్చును. కాని కొనువాని అగత్యమును చూచి వెల పెంచరాదు. ఆ అగత్యము అమ్మువాని సొత్తు కాదు. తనది కానిదానిని అమ్ము హక్కు ఎవనికిని లేదు.

ఈ దృష్టితో చూచినచో తరువాతి కాలపు మినహాయింపులు అంత వింతగా తోచవు. లాభముతోపాటు నష్టములోను పాలుపంచుకొను భాగస్వామికి లాభము న్యాయమే. అప్పిచ్చుటవలన నిజముగా నష్టపోయినవానికి పరిహారము న్యాయమే. 1462లో పెరూజియా నగరమున ఫ్రాన్సిస్కను సన్యాసులు పేదలకొరకు తాకట్టు నిధిని నెలకొల్పిరి. ఇట్టి నిధులు నిర్వహణవ్యయమునకై స్వల్పరుసుము తీసికొనవచ్చునని 1515లో ఐదవ లాటరన్ మహాసభ ఒప్పినది. 1745లో పదునాల్గవ బెనెడిక్ట్ పోపు పాత నిషేధమును మరల చాటుచునే ఇట్టి హేతువులను అంగీకరించెను. 1917నాటి ధర్మసూత్రసంహిత చట్టసమ్మతమైన మితవడ్డీని అనుమతించినది. సభ తన మాటను తానే మ్రింగినదని విమర్శకులందురు. నిషేధము సడలిన మాట నిజము. కాని ప్రశ్న చావలేదు. అది అప్పునుండి కూలికి తరలిపోయినది.

1891 మే 15న పదమూడవ లియో పోపు ‘రేరుం నొవారుం’ అను ధర్మలేఖను వెలువరించెను. పాతవడ్డీయే వేషము మార్చి యంత్రశాలల యుగములోనికి వచ్చినదని ఆయన అందులో సూచించెను. ఆయన వ్యక్తిగతమైన ఆస్తిహక్కును సమర్థించెను, సోషలిజమును త్రోసిపుచ్చెను. ఐనను కూలిని గూర్చి చెప్పుచు అక్వినాస్ మాటకే తిరిగివచ్చెను. అంతకన్న గొప్ప కీడునకు వెరచి కఠినమైన షరతులకు ఒప్పుకొన్న కార్మికుడు బలాత్కారమునకు గురియైనవాడే. ఒడంబడికకంటె పైన మరియొక న్యాయము కలదు. మితముగా బ్రతుకు కార్మికుని పోషింపజాలని కూలి ఆ న్యాయమునకు నిలువదు. 1931లో పదునొకండవ పయస్ పోపు, పరపతిని చేతబట్టినవారి అనుమతి లేక ఎవరును ఊపిరి తీయజాలని స్థితిని ఖండించెను. 1981లో రెండవ జాన్ పాల్ పోపు మూలధనముకంటె శ్రమయే ముందని చెప్పెను. మూలధనము శ్రమ కూడబెట్టిన ఫలమే గదా.

ఇంత చక్కని బోధ చేసిన సభ చరిత్ర నిష్కళంకమైనది కాదు. వడ్డీని ఖండించిన పోపుల ఖజానాను నడపినవారు ఫ్లోరెన్సు షావుకార్లు. తాకట్టు నిధులకొరకు ఊరూర బోధించిన ఫెల్ట్రె నివాసి బెర్నర్దీనో, యూదులపై ద్వేషమును కూడ ఊరూర రగిల్చెను. ఇతరవృత్తులు మూసివేసి వడ్డీవ్యాపారము తప్ప వేరుదారి లేకుండ చేసినవారే, ఆ వ్యాపారము చేసినందుకు యూదులను తరిమిరి. అగత్యములోనికి నెట్టి, ఆ అగత్యమునకే శిక్షించుట ఇది.

మన దేశమున ఈ బోధకు కఠినపరీక్ష ఛోటానాగ్‌పూరులో జరిగినది. అచట ముండాలు, ఉరావులు జమీందారుల వెట్టికిని, మహాజనుల అప్పులకును చిక్కి భూములు పోగొట్టుకొనుచుండిరి. 1885లో అచటికి వచ్చిన బెల్జియను జెసూటు కాన్‌స్టాంట్ లీవెన్స్ భూచట్టములు చదివి న్యాయస్థానములలో వారికి తోడుగా నిలిచెను. అతని తరువాత జాన్ బాప్టిస్ట్ హాఫ్‌మన్ 1908నాటి ఛోటానాగ్‌పూరు కౌలుదారీ చట్టము రూపొందుటకు తోడ్పడి, 1909లో రాంచీలో కథోలిక సహకార పరపతి సంఘమును స్థాపించెను. మహాజనుని తిట్టుటతో హాఫ్‌మన్ ఊరకుండలేదు. అప్పు కావలసినవానికి మరియొక వాకిలి తెరచెను.

కాని ఇచటనే సభ తన ప్రశ్నను తనకే వేసికొనవలసియున్నది. ఆ కాలమున వేలకొలది జనులు జ్ఞానస్నానము పొందిరి. భూమి దక్కునను ఆశతో వచ్చినవారు వారిలో పలువురు గలరు. అగత్యమున పుట్టిన అంగీకారము సంపూర్ణమైన ఇష్టము కానియెడల, అప్పుపత్రముపై వేలిముద్రకు వర్తించు న్యాయము జ్ఞానస్నానమునకు వర్తింపదా? మనుమల కాలమునకు ఆ విశ్వాసము నిజముగా వారిదే అయ్యెననుట సత్యమే. కాని అది ప్రశ్నకు పూర్తి సమాధానము కాదు. ఇతరుల అగత్యమును వాడుకొనరాదని బోధించువాడు, తాను చేయు ఉపకారమును కూడ ఆ తూనికలో ఉంచవలసినదే.

తెలుగువారికి ఈ తర్కము పరాయిది కాదు. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సూక్ష్మరుణ సంస్థలపై ఆర్డినెన్సు తెచ్చినది. వారపు వాయిదాలు కట్టలేక, ఒక అప్పు తీర్చుటకు మరియొక అప్పు చేసిన స్త్రీలందరును పత్రములపై సంతకములు చేసినవారే. వడ్డీ అసలును మించరాదను పాతనియమము ఆ శాసనములో తిరిగి కనబడినది. కాని వసూళ్లతోపాటు కొత్త అప్పులును నిలిచిపోయినవి. పలువురు మరల ఊరి వడ్డీవ్యాపారి గడప త్రొక్కిరి. నిషేధము వడ్డీని ఆపగలదు; ఆకలిని, జబ్బును, పిల్లవాని చదువును ఆపజాలదు. హాఫ్‌మన్ గ్రహించినది ఇదియే.

కావున పత్రము చేతికి వచ్చినప్పుడు దానిపై సంతకము కలదా యని చూచి ఊరకుండరాదు. సంతకము చేసినవానికి ఆ దినమున వేరొక వాకిలి తెరచియుండెనా యని విచారింపవలెను. లేనియెడల, ఆ వాకిలి ఎవరు మూసిరో, దానిని తెరచుట ఎవరి బాధ్యతయో కూడ విచారింపవలెను. అప్పిచ్చువానికిని, పని ఇచ్చువానికిని, ఉపకారికిని ఈ విచారణ సమానమే.