గురివింద గింజ చెప్పిన నిజం

గురివింద గింజకి తన కింది నలుపు తెలియదంటారు. మరి ఆ గింజ పక్కదాని నలుపు గురించి చెప్పిన మాట నిజమే అయితే ఏం చెయ్యాలి?

ఇక్కడ అమెరికాలో ఆఫ్రికా ఊసెత్తితే చాలు, చైనా అప్పులిచ్చి ఆ దేశాల మెడకి ఉచ్చు బిగిస్తోందంటారు. 2018లో నాటి జాతీయ భద్రతా సలహాదారు జాన్ బోల్టన్ ప్రసంగం సారాంశమూ అదే. వింటే నాకు నవ్వొచ్చేది. 1884-85లో బెర్లిన్‌లో కూర్చుని ఆఫ్రికా పంపకాలకి పద్ధతులు రాసుకున్నప్పుడు ఆ బల్ల దగ్గర ఒక్క ఆఫ్రికనూ లేడు. 1960లలో, సముద్రం లేని జాంబియా తన రాగిని టాంజానియా రేవుకి చేర్చే రైలు కావాలంటే, ప్రపంచ బ్యాంకు గిట్టుబాటు కాదంది. వడ్డీ లేని అప్పిచ్చి, 1975 నాటికి 1,860 కిలోమీటర్ల టాజారా లైను వేసిపెట్టింది చైనా. అప్పటికి తనదీ బీద సంసారమే!

ఇంతవరకూ చెప్పి ఆగితే విందుల్లో మనవాళ్ళు మెచ్చుకుంటారు. నేనూ చాలాసార్లు ఇక్కడే ఆగాను. అది తప్పని ఇప్పుడనిపిస్తోంది. 2005లో జాంబియాలోని చంబిషిలో చైనా యాజమాన్యం కింది పేలుడు పదార్థాల ఫ్యాక్టరీ పేలి నలభైమందికి పైగా జాంబియన్ కార్మికులు చనిపోయారు. వాళ్ళ ఇంటివాళ్ళని బెర్లిన్ కథ చెప్పి ఓదార్చగలనా? పాశ్చాత్యుల పాపం చైనాకి పుణ్యం కాదు.

కెన్యాలో చైనా అప్పుతో వేసిన మొంబాసా-నైరోబీ రైలు 2017లో నడిచింది. ఆ అప్పు కాగితాల్లో కొన్నయినా జనానికి కనబడింది 2022లో. తీర్చేవాడికి చూపించని పత్రం ఎవరు రాయించుకున్నా తప్పే. దాన్ని తప్పనడానికి అమెరికా పక్షం చేరక్కర్లేదు.

అయితే హెచ్చరించేవాళ్ళ లెక్కా చూడాలి. 2020లో జాంబియా చేతులెత్తేసినప్పుడు కట్టలేకపోయిన వాయిదా యూరోబాండ్ల వడ్డీ. వాటిని కొన్నవాళ్ళలో పాశ్చాత్య పెట్టుబడి సంస్థలున్నాయి. నా జీతంలోంచి నెలనెలా కోసే రిటైర్మెంటు డబ్బు ఏ ఫండ్లలో, ఏ దేశపు అప్పుల్లో తిరుగుతోందో నేనెన్నడూ విప్పి చూసుకోలేదు.

గింజ చెప్పిందని నిజం అబద్ధమైపోదు. కాని ఇన్నాళ్ళూ నవ్వింది నేను. ఈ వారాంతం ఆ ఫండు కాగితాలు ముందేసుకుని కూర్చోవాలి.