వైద్యధర్మము – పరదేశి రోగి

చరకసంహిత చికిత్సాస్థానము ప్రథమాధ్యాయమున రెండు నిందలు కలవు. ఒకటి, స్వస్థుడై వైద్యునికి ప్రత్యుపకారము చేయని రోగికి. రెండవది, చికిత్సను అంగడి సరుకువలె అమ్ము వైద్యునికి. ఈ రెంటి నడుమ ధర్మమెచ్చట నున్నదను సందేహము నేడు ఇంగ్లండున తలయెత్తినది. మనవారనేకులు అచ్చట నివసించుటచే ఇది మనకును పట్టిన విషయమే.

1948 జూలై 5వ తేదీన ఆ దేశమున జాతీయ ఆరోగ్యసేవ ప్రారంభమైనది. చికిత్సాసమయమున రొక్కమడుగరాదనుట దాని మూలసూత్రము. పరదేశులకు ఉచితమేల యని ఆక్షేపించినవారికి, దాని స్థాపకుడగు అన్యూరిన్ బెవాన్ 1952లో తన గ్రంథమున సమాధానమిచ్చెను. పరదేశిని వేఱుపఱుపవలెనన్నచో స్వదేశీయుడును తాను స్వదేశీయుడనని ఋజువు చూపవలసివచ్చునని ఆతని వాదము.

తరువాత కాలము మాఱినది. ఆరు నెలలకు మించి నివసింపగోరు పరదేశులు 2015 నుండి ఆరోగ్యరుసుము ముందుగనే చెల్లించుచున్నారు. 2024లో అది పెద్దలకు సంవత్సరమునకు 1,035 పౌండ్లయినది. అచ్చట ఉద్యోగము చేయువారు దీనికి తోడు పన్నులును కట్టుదురు. రుసుము లేని సందర్శకుల మాట వేఱు. కుమార్తె పురిటికని గుంటూరునుండి వెళ్లిన తల్లికి గుండెనొప్పి వచ్చినచో, అత్యవసర విభాగమున చూచుట ఉచితమే. ఆసుపత్రిలో చేర్చుకొన్నది మొదలు లెక్క ప్రారంభమగును. ఆ లెక్కయు మామూలు వ్యయమునకు ఒకటిన్నర రెట్లు. (బీమా లేక ప్రయాణము కట్టువారి అవివేకమును గూర్చి ఇచ్చట చర్చింపలేదు.)

బొక్కసము ప్రజల పన్నులచే నిండినది గదా, పన్ను కట్టనివానికి అందు భాగమెట్లు అని పూర్వపక్షము. ఇది త్రోసిపుచ్చదగినది కాదు. పుచ్చుకొన్నవాడు శక్తికొలది ఇచ్చుట న్యాయమే. దోషము పైకములో లేదు, భయములో నున్నది. 500 పౌండ్ల బాకీ రెండు నెలలు తీఱకున్నచో ఆ సంగతి హోమ్ శాఖకు చేరును. మీద వీసా నిరాకరింపబడవచ్చును. క్షయకు చికిత్స అచ్చట అందఱికిని ఉచితమే. కాని దగ్గు క్షయ యని తెలియుటకు ముందు రోగి ఆసుపత్రి గడప త్రొక్కవలెను గదా! గర్భిణికి చికిత్స నిరాకరింపరాదు; కాని వెనుక బిల్లు వచ్చునని యెఱిగిన నిరుపేద వలసస్త్రీ, నొప్పులు వచ్చువఱకు ఇంటనే దాగును.

2017 అక్టోబరు నుండి, అర్హత లేనివారికి అత్యవసరము కాని చికిత్స సొమ్ము ముందు కట్టినగాని లేదు. ఏది అత్యవసరము, ఎవరు స్వదేశమునకు మరలువఱకు ఆగగలరు అను నిర్ణయము వైద్యునిపై పెట్టిరి. ఆ నిర్ణయము వ్రాయువారిలో తెలుగునాట పుట్టి వలస వెళ్లిన వైద్యులును కలరు. తల్లి వయసు గల స్త్రీ యెదుట ఆ కాగితము పట్టి నిలుచుట వారికెట్లుండునో!