చీకటి రోడ్డు, సైకిలు, భయం

 

ఉపాసకులారా, ఉపాసికలారా! పొద్దుగూకాక పని ముగించుకుని సైకిలు మీద ఇంటికి చేరేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు మోసేవాళ్లు, కోల్డ్ స్టోరేజీల్లో చేసేవాళ్లు, బట్టల కొట్టు కట్టేశాక బయటపడే కుర్రాళ్లు. మీకందరికీ తెలిసిన సంగతొకటుంది, ఎవరూ పైకి చెప్పరు. టౌను దీపాలు వెనకబడి రోడ్డు పొలాల్లోకి తిరగ్గానే ఒళ్లు తేలికవుతుంది. చెమట మీద గాలి చల్లగా తగులుతుంది. పొద్దున ఈడ్చుకుంటూ వచ్చిన ఆ సైకిలే ఇప్పుడు ఎగురుతున్నట్టుంటుంది.

ఇందులో మాయేం లేదు. పగలు దూరాన చెట్టూ గట్టూ కనబడతాయి, అవి మెల్లగా కదులుతాయి. రాత్రి లైటు పడిన నాలుగు బారల రోడ్డే కనబడుతుంది. దగ్గరిది గబగబా వెనక్కి పోతుంటే కన్ను దాన్నే వేగం అనుకుంటుంది. కారణం ఉంది కాబట్టి ఫలితం ఉంది. ధమ్మంలో మనం మొదట నేర్చుకునేదీ ఇదే కదా.

మరి ఆ పులకింత తప్పా? కాదు. బోధికి దారితీసే ఏడు అంగాల్లో పీతి, అంటే సంతోషం, ఒకటి. బుద్ధఘోషుడు విశుద్ధిమగ్గంలో పీతిని ఐదు రకాలుగా చెప్పాడు. అన్నిటికన్నా చిన్నది ఒంటి మీద వెంట్రుకలు లేచేంత మాత్రమే. (అది సాధన వల్ల వచ్చేది, మీది గాలి వల్ల వచ్చేది. రెండూ ఒకటేనని నేననను.)

వెంట్రుకలు ఇంకో చోట కూడా లేస్తాయి. ఊరి బయట చింతచెట్టు దగ్గర.

ఇక్కడ కొంచెం ఆగుదాం. దీక్ష తీసుకున్నాం, ఇరవై రెండు ప్రతిజ్ఞలు చేశాం, ఇంట్లో పటాలు తీసేశాం. అయినా చెట్టు కిందికి రాగానే చిన్నప్పటి ఆంజనేయ దండకం నాలుక మీదికి వస్తుంది. కొందరు అది మానేసి, అదే వణుకుతో త్రిశరణం చదువుతారు. తాయెత్తు మార్చారు, అంతే! బాబాసాహెబ్ ‘బుద్ధుడు - ఆయన ధమ్మం’లో ధమ్మం కానిదేదో చెప్పేటప్పుడు మానవాతీత శక్తుల మీద నమ్మకాన్ని మొట్టమొదటే తీసి పక్కన పెట్టారు. త్రిశరణం దయ్యాలను తోలే మంత్రం కాదు.

మరేం చేయాలి? మజ్ఝిమ నికాయంలో నాలుగోది భయభేరవ సుత్తం. బోధి పొందకముందు తాను అడవిలో భయాన్ని ఎలా ఎదుర్కొన్నదీ బుద్ధుడు అందులో జాణుస్సోణి అనే బ్రాహ్మణుడికి చెబుతాడు. పక్షంలో ఎనిమిదో రాత్రి, పద్నాలుగో రాత్రి, పదిహేనో రాత్రి, జనం జడిసే చెట్ల దగ్గరికి కావాలనే వెళ్లాడు. ఏదో జంతువు వచ్చేది, నెమలి పుల్ల విరిచేది, గాలికి ఆకులు గలగలమనేవి. ఇదేనా ఆ భయం, వచ్చిందా అనుకునేవాడు. నడుస్తుండగా భయం వస్తే అది తగ్గేదాకా నడుస్తూనే ఉన్నాడు, నిలబడలేదు, కూర్చోలేదు. కూర్చుని ఉండగా వస్తే లేవలేదు.

మీరు తొక్కుతుండగా వస్తే తొక్కుతూనే ఉండండి. అదే వేగం. పెడళ్ల మీద లేచి పారిపోవద్దు, గట్టిగా పాట ఎత్తుకోవద్దు. గుండె కొట్టుకుంటోంది, అరచేతులు తడిశాయి అని గమనించండి. చెట్టు వెనక్కి పోతుంది. రేపు మళ్లీ వస్తుంది, రేపు మళ్లీ గమనించండి.

అయితే అన్ని భయాలూ ఒకటి కాదు. రోడ్డు మీద మొక్కజొన్న ఆరబోసి చుట్టూ రాళ్లు పెట్టి వదిలేస్తారు. లైటు లేని ట్రాక్టరు ట్రాలీ ఆగి ఉంటుంది. లారీ వెలుగు కళ్లల్లో పడితే కాసేపు ఏమీ కనబడదు. ఆ భయం చెప్పిన మాట వినాలి. వేగం తగ్గించండి, వెనక మడ్గార్డుకు రేడియం అంటించండి. సతిపట్ఠాన సుత్తం ముందుకు పోవడంలోనే కాదు, తిరిగి రావడంలో కూడా ఎరుక ఉండాలంటుంది. ఐదో శీలం మత్తును వద్దనడానికి ఇచ్చే కారణం ఏమరుపాటు. జీతం రోజు వైన్ షాపు దగ్గర సైకిలు ఆపేవాడికి ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

ఊళ్లోకొస్తే పెద్ద వీధి. మన తాతలు చాలా ఊళ్లలో ఇక్కడ సైకిలు దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని నడిపించుకుపోవాల్సి వచ్చేది. మీరు బెల్లు కొట్టుకుంటూ సీటు మీదే పోతున్నారు. ఆ క్షణాన ఛాతీలో కలిగే పొంగును గర్వమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఎదుటివాణ్ణి తక్కువ చేస్తే గర్వం. మీరు ఇంటికెళ్తున్నారు, అంతే.

ఒక్క మాట మిగిలింది. ట్యూషన్ నుంచి రాత్రి ఎనిమిదింటికి సైకిలు మీద వచ్చే మన ఆడపిల్లకు ఈ పులకింత దొరుకుతోందా? ఆమె భయం చింతచెట్టు గురించి కాదు, మలుపులో కూర్చున్న మగవాళ్ల గురించి. దానికి మనం చెప్పే మందు, రేపట్నుంచి పోవద్దని. తప్పు చేసేది వాళ్లు, చదువు ఆగేది పిల్లది! ఆ మలుపులో కూర్చునే వాళ్లలో మన పేట కుర్రాళ్లుంటే ముందు వాళ్లను లేపండి. వారంలో నాలుగు రోజులు మీరే కాలువ వంతెన దాకా ఎదురెళ్లండి. వచ్చేటప్పుడు ఆమెను ముందు పోనిచ్చి, మీరు వెనక తొక్కండి. ఎంత వేగంగా పోవాలో ఆమె ఇష్టం.