చెర విడిపించే ధర

బందీని విడిపించడాన్ని మించిన ధర్మకార్యం లేదని 12వ శతాబ్దపు యూదు ధర్మశాస్త్రకారుడు మైమోనిడీస్ రాశాడు. అదే సంప్రదాయానికి మూలమైన మిష్నా మాత్రం, విలువకు మించిన సొమ్ము పోసి బందీలను విడిపించవద్దని అంతకు సుమారు వెయ్యేళ్ల ముందే కట్టడి చేసింది. సమాజం చితికిపోతుందనా ఈ నియమం, లేక ఆశ మరిగిన దొంగలు ఇంకొందరిని ఎత్తుకుపోతారనా అని తాల్ముద్ పండితులు తర్కించారు. మిలిటెంట్లతో ఖైదీల మార్పిడి మాట వచ్చినప్పుడల్లా ప్రభుత్వాలను నేటికీ వెంటాడేది ఆ రెండో భయమే.

అది ఉత్త భయం కాదు. 1989 డిసెంబరు 8న శ్రీనగర్‌లో అప్పటి కేంద్ర హోంమంత్రి ముఫ్తీ మహమ్మద్ సయీద్ కూతురు రుబయాను మిలిటెంట్ సంస్థ జేకేఎల్‌ఎఫ్ అపహరించింది. ఐదుగురు మిలిటెంట్లను వదిలి, ఆమెను ఐదు రోజుల్లో ఇంటికి తెచ్చారు. నాలుగు నెలలు తిరక్కుండానే కాశ్మీర్ విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్ ముషీరుల్ హక్‌ను, ఆయన కార్యదర్శిని, హెచ్‌ఎంటీ జనరల్ మేనేజర్ ఖేరాను పట్టుకుపోయారు. అడిగింది మళ్లీ ఖైదీలనే. ఈసారి ప్రభుత్వం కాదంది, ముగ్గురినీ చంపేశారు. 1999 డిసెంబరులో కాందహార్‌లో హైజాకైన విమాన ప్రయాణికుల కోసం వదిలిన ముగ్గురిలో ఒకడైన మసూద్ అజర్ మరుసటి ఏడే జైషే మహమ్మద్‌ను స్థాపించాడు. గిలాద్ షాలిత్ అనే ఒక్క సైనికుడి కోసం 2011లో ఇజ్రాయెల్ విడిచిపెట్టిన 1,027 మందిలో హమాస్‌కు చెందిన యాహ్యా సిన్వార్ ఉన్నాడు. 2023 అక్టోబరు 7 దాడిని నడిపించిందీ, దాదాపు 250 మందిని గాజాకు బందీలుగా తీసుకుపోయిందీ అతని నాయకత్వంలోనే.

అయినా, అసలు మాట్లాడనే కూడదన్న తీర్పును నేను ఒప్పుకోను. 1286లో జర్మనీ రాజు రుడాల్ఫ్ చెరలో పడిన యూదు మతగురువు రబ్బీ మెయిర్, తన కోసం సొమ్ము కట్టవద్దని చెప్పాడంటారు. 1293లో ఆ చెరలోనే కన్నుమూశాడు. తన ప్రాణాన్ని తాను వదులుకుంటే అది త్యాగం. ఇంకొకరి ప్రాణాన్ని దేశం పేరిట మంత్రి వదులుకుంటే దాన్ని త్యాగమనే హక్కు ఆయనకెక్కడిది? పైగా కాశ్మీర్‌లో మంత్రి కూతురికి ఒక న్యాయం, ఆచార్యుడికి మరో న్యాయం అమలైంది. మార్పిడికన్నా నన్ను ఎక్కువ కలచివేసేది ఈ తేడాయే.

అలా విడిచినవాళ్ల చేతిలో రేపు చనిపోబోయేవారు మనుషులు కారా అని అడగవచ్చు. ముమ్మాటికీ మనుషులే. కానీ రేపటి దాడిని ఆపడానికి నిఘా, కాపలా, అరెస్టు లాంటి దారులు ఇంకా ఉన్నాయి. బందీకి ఉన్నది ఒక్కటే దారి. అందుకని ఎవరినైనా వదలవచ్చనీ కాదు. దాడులు పన్నడంలో ఆరితేరినవాణ్ణి విడిచినప్పుడు రేపటి ముప్పు ఊహగా మిగలదు, దానికో పేరూ ముఖమూ ఉంటాయి. మిష్నా గీసిన గీత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

మన అనుభవం ఇంకో సంగతి చెబుతుంది. 1987లో గుర్తేడు దగ్గర ఎస్.ఆర్. శంకరన్‌తో సహా ఐఏఎస్ అధికారులను నక్సలైట్ సంస్థ పీపుల్స్‌వార్ పట్టుకుంది. 2011 ఫిబ్రవరిలో ఒడిశాలోని మల్కన్‌గిరి కలెక్టర్, తెలుగువాడైన వినీల్ కృష్ణను మావోయిస్టులు ఎత్తుకుపోయినప్పుడు ప్రొఫెసర్ హరగోపాల్ మధ్యవర్తిగా వెళ్లారు. మరుసటి ఏడాది ఛత్తీస్‌గఢ్‌లో సుక్మా కలెక్టర్ అలెక్స్ పాల్ మీనన్ వంతు వచ్చింది. ఇక్కడా ఒకదాని వెంట ఒకటి జరిగాయి, దాన్ని కాదనలేం. అయితే మావోయిస్టుల కోర్కెల్లో విచారణ లేకుండా జైళ్లలో మగ్గుతున్న ఆదివాసీల విడుదల కూడా ఉంది. మీనన్ విడుదలయ్యాక ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం అలాంటి కేసుల పరిశీలనకు నిర్మలా బుచ్ అధ్యక్షతన కమిటీ వేసింది. ఆ పని కలెక్టర్‌ను ఎత్తుకుపోయేదాకా ఎందుకు ఆగాలి? న్యాయంగా బయట ఉండాల్సినవాళ్లను లోపల ఉంచితే అపహరించేవాడి చేతికి మనమే బేరం అందించినట్టు.

బందీల మార్పిడికి నియమాలు సూచించమని ఇజ్రాయెల్ 2008లో షమ్‌గర్ కమిటీని వేసింది షాలిత్ గాజాలో బందీగా ఉండగానే. అది నివేదిక ఇచ్చింది అతను తిరిగొచ్చాక, 2012లో. మనం ఆ ఆలస్యం చేయకూడదు. ఎవరిని వదలవచ్చో, ఎవరిని ఎన్నటికీ వదలకూడదో పార్లమెంటు ఇప్పుడే చట్టం చేయాలి. అది మంత్రి ఇంటికీ, మాస్టారి ఇంటికీ ఒకేలా వర్తించాలి.