కడలి అక్షయపాత్రేనా?

అనాదిగా మానవుడు సముద్రాన్ని అక్షయపాత్రగా భావిస్తూ వచ్చాడు. 1609లో డచ్ న్యాయవేత్త హ్యూగో గ్రోషియస్ సముద్రం ఎవరి సొత్తూ కాదని వాదించినప్పుడు, ఎందరు వాడుకున్నా అది తరిగిపోదన్న విశ్వాసం ఆ వాదానికి ఒక ఆధారం. తరగనిదాని నుండి ఎంత తీసుకున్నా దోషం లేదు. అది తరిగేదేనని తేలిన నాడు ఆ స్వేచ్ఛ ఎక్కడ నిలుస్తుంది?

ఈ ప్రశ్న కెనడాలోని న్యూఫౌండ్లాండ్ తీరంలో కఠినంగా ఎదురయింది. శతాబ్దాలుగా కాడ్ చేపలకు ప్రసిద్ధి చెందిన ఆ జలాలలో, విదేశీ ట్రాలర్ల విజృంభణతో 1968లో పట్టుబడి సుమారు 8 లక్షల టన్నులకు చేరింది. 1977లో కెనడా 200 నాటికల్ మైళ్ల వరకు తన అధికారాన్ని విస్తరించుకుంది. విదేశీ నౌకలు చాలావరకు తొలగాయి. స్వదేశీ ట్రాలర్లు వాటి స్థానాన్ని ఆక్రమించాయి. చేప తగ్గుతున్నదని తీరంలోని చిన్న మత్స్యకారులు 1980లలోనే హెచ్చరించినా ఆ మాట చెవికెక్కలేదు. చివరకు 1992 జూలైలో వేటను నిషేధించవలసి వచ్చింది. దాదాపు 30 వేల మంది జీవనోపాధి కోల్పోయారు. ఆ నిషేధాన్ని పూర్తిగా ఎత్తివేయడానికి 2024 వరకు పట్టింది.

ఇతరుల జలాలలో చొరబడి, పట్టిన లెక్క దాచి సాగించే వేట నిస్సందేహంగా చౌర్యమే. కాని న్యూఫౌండ్లాండ్‌లో చట్టం అనుమతించిన వేటే ప్రధానంగా అనర్థం తెచ్చింది. చట్టబద్ధమైనదంతా ధర్మబద్ధం కాదు. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ అంచనాల ప్రకారం, ప్రపంచంలో పరిశీలనలో ఉన్న సముద్ర మత్స్య నిల్వలలో మూడవ వంతుకు మించి అతివేటకు గురవుతున్నాయి.

“నేను మానితే మరొకడు పడతాడు” అనే వాదం బలమైనదే. ఒంటరి నిగ్రహం చేపను కాపాడదు. అందరినీ బంధించే కట్టుబాటు కావాలి. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులు మరపడవల వేట నిషేధం అటువంటిదే. అయితే ఆ రెండు నెలల పస్తు పడవపై కూలికి వెళ్లేవాని ఇంటనే మిగలరాదు. నిగ్రహఫలం అందరిదైనప్పుడు దాని భారమూ అందరిదే. మత్స్యకారునికిచ్చే భృతి దయ కాదు, ఋణం.

అక్షయపాత్రకు సైతం ఒక నియమం ఉండేది. ద్రౌపది భుజించిన పిదప ఆనాటికి అందులో అన్నం పుట్టదు. అందుకే ఆమె అందరూ తిన్న తరువాతనే తినేది. ఆ ‘అందరి’లో ఇంకా పుట్టని వారిని కూడా లెక్కించడమే కడలి విషయంలో మన ధర్మం.