లోపించినవాటి పని

భిలాయిలో మా సెక్టార్ తెలుగు పిల్లలు కొందరికి సంస్కృత వ్యాకరణం చెబుతున్నాను. పాఠాలు మార్క్‌డౌన్‌లో టైపు చేస్తాను. 2004లో జాన్ గ్రూబర్ తెచ్చిన పద్ధతి అది. మాటకి అటూ ఇటూ రెండేసి నక్షత్రాలు పెడితే తెర మీద ఆ మాట బోల్డ్‌లో కనిపిస్తుంది, నక్షత్రాలు కనిపించవు. చదరపు బ్రాకెట్లో పేరు, వెంటనే గుండ్రటి బ్రాకెట్లో చిరునామా రాస్తే లింకు మిగులుతుంది, బ్రాకెట్లు పోతాయి.

“మాస్టారూ, పోయిన గుర్తులు ఉన్నట్టా, లేనట్టా?” అని ఒకమ్మాయి అడిగింది. ఇది చిన్న ప్రశ్న కాదు.

వేదాంతం చదువుకున్న నా మిత్రుడైతే, చివరిదాకా నిలవనిది సత్యం కాదంటాడు. నాకు పాణిని దారే నచ్చుతుంది. ‘చేయు’ అనే అర్థంలో ధాతుపాఠం చెప్పే ధాతువు డుకృఞ్. ప్రయోగంలో మిగిలేది కృ ఒక్కటే. చివర ఞకారం ఉండబట్టే కరోతి అనీ, కురుతే అనీ రెండు తీర్ల రూపాలు వస్తాయి. మొదట్లో డు ఉండబట్టే కృత్రిమం పుట్టింది. ఆ రెండూ ఎవరి నోటా వినబడవు. పాణిని లెక్కలో లోపమంటే కనబడకపోవడం, అంతే. ప్రత్యయం లోపించినా దాని కార్యం జరిగి తీరుతుందని వేరే సూత్రమే చేశాడాయన.

నేను ఇక్కడి ఉక్కు కర్మాగారం బ్లాస్ట్ ఫర్నేస్‌లో పనిచేసి రిటైరయినవాణ్ణి. అక్కడా ఇదే తీరు. రాజహరా ఇనుప ఖనిజంతో పాటు నందిని సున్నపురాయీ వాడేవాళ్లం. ఖనిజంలోని ఇసుక మాలిన్యాన్ని పట్టుకుని ఆ సున్నం స్లాగ్‌గా బయటికి పోతుంది. రైలు పట్టాలో ఎంత వెతికినా దొరకదు. అది పడకపోతే పట్టాకి పనికొచ్చే ఇనుమే రాదు.

మార్క్‌డౌన్‌లో నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది బ్యాక్‌స్లాష్. నక్షత్రం నక్షత్రంగానే కనబడాలంటే దాని ముందు ఈ వాలుగీత పెట్టాలి. గీత తప్పుకుంటుంది, నక్షత్రం నిలుస్తుంది. గీతే కనబడాలన్నా ముందు ఇంకో గీత తప్పుకోవాల్సిందే. ఒకటి తన రూపంతో నిలబడడానికి కూడా మరొకటి కనుమరుగు కావాలన్నమాట. నా మిత్రుడు నిలిచినదాన్నే చూస్తాడు. ముందు తప్పుకున్నది ఆయన లెక్కలోకి రాదు.

ఆ అమ్మాయికి ఫైలు తెరిచి చూపించాను. నక్షత్రాలన్నీ ఉన్నాయి. ఒక జత చెరిపేయమన్నాను. చెరిపింది. తెర మీద మాట బోల్డ్ పోయి మామూలైంది. “అయితే ఇందాక నేను చదివినప్పుడు కూడా అవి ఉన్నట్టేగా!” అంది. ఉన్నట్టే అన్నాను.